గృహచర్చలును పౌరవిద్యయును

పదవ తరగతి చదువు బాలుని నిలిపి, ఆంధ్రప్రదేశ్ శాసనసభలో సభ్యులెందరని యడిగిన, 175 మంది యని తడుముకొనక చెప్పును. మన రాష్ట్రమునుండి లోకసభకు వెళ్లువారెందరనిన, 25 మంది యనును. అంతవరకు సంతోషమే. అయితే అదే బాలుని, మీ వీధిలోని మురుగుకాలువ పూడిపోయినప్పుడు ఎవరి నడుగవలెనని ప్రశ్నించినచో చాలసార్లు మౌనమే ప్రత్యుత్తరము. అంకెలు వచ్చినవి గాని ఆ అంకెలకును తన వాకిటికిని గల సంబంధము తెలియలేదు. ఈ సంబంధమును తెలుపుటకు పాఠ్యపుస్తక మొక్కటియే చాలదనియు, గృహముకూడ దానికి తోడుకావలెననియు మా యభిప్రాయము. కుటుంబమునందలి చర్చలద్వారా పిల్లలకు ఎన్నికలనుగూర్చియు ప్రజావిషయములనుగూర్చియు ఎట్లు బోధింపవచ్చునో తల్లిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

కాలము స్వల్పము

పదవ తరగతి ముగించు పిల్లవానికి సాధారణముగా 15 ఏండ్లుండును. 18 ఏండ్లు నిండినవాడు ఓటరు కాదగును. పూర్వము ఈ వయస్సు 21 ఏండ్లు. రాజ్యాంగమునకు చేసిన 61వ సవరణవలన 1989 మార్చి 28 మొదలు 18 ఏండ్లుగా మార్చబడెను. కాబట్టి మన చేతిలోనుండి వెడలిన మూడేండ్లకే ఆ బాలుడో బాలికయో దేశపాలకుల నెన్నుకొను అధికారమును పొందును. మోటారు నడుపుటకు ముందు పరీక్ష యున్నది; వైద్యము చేయుటకు ముందు పరీక్ష యున్నది. ఓటు వేయుటకు పరీక్ష లేదు, ఉండకూడదుకూడ. ఏలయనగా చదువురానివానికిని కష్టసుఖములు తెలియును. అయితే పరీక్ష లేనందున శిక్షణము అక్కరలేదని యెంచరాదు. ఆ శిక్షణము ఇంటనే ఆరంభము కావలెను.

ఈ హక్కు మనకు సులభముగా వచ్చినది కాదు. 1919 చట్టమునుబట్టి 1920లో మదరాసు రాజధానియందు జరిగిన ఎన్నికలలోను, 1935 చట్టమునుబట్టి 1937లో జరిగిన ఎన్నికలలోను, ఆస్తియో, పన్నో, చదువో ఉన్న కొద్దిమందికే ఓటుండెను. కూలివాడు ఓటరు కాడు. స్త్రీలకు పురుషులతోడి సమాన నియమములమీద ఓటు నిచ్చుటకు మదరాసు శాసనమండలి 1921లో ఒప్పుకొనెను. అయినను ఆస్తి లేని స్త్రీకి దానివలన కలిగిన లాభము స్వల్పమే. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము కులమత లింగభేదము లేక, ధనికుడు దరిద్రుడనక, వయస్సు వచ్చిన ప్రతివానికిని ఓటు నిచ్చెను.

ఆ ప్రకారము 1951-52లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో 17 కోట్లకు పైగా ఓటర్లుండిరి. వారిలో చాలమందికి అక్షరజ్ఞానము లేనందున అభ్యర్థికొక గుర్తును, గుర్తుకొక పెట్టెయు ఏర్పరుపబడెను. అప్పటి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్‌గారికి ఎదురైన చిక్కులలో నొకటి మన విషయమునకు మిక్కిలి సంబంధించినది. ముఖ్యముగా ఉత్తరదేశమునందు అనేకస్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్య యనియో, ఫలానివాని కుమార్తె యనియో మాత్రము వ్రాయించిరి. అట్లు పేరులేక వ్రాయబడినవారు సుమారు 28 లక్షలమంది. వారి నందరిని జాబితానుండి తొలగింపవలసివచ్చెను. ఇచ్చట తప్పు చట్టములో లేదు. చట్టము హక్కు నిచ్చెను. ఇంటిలో పేరు పలుకుటకు అలవాటు లేకపోయెను. ఇంట మాటలేనివారికి బయట ఓటుండియు లేనట్లే యనుటకు ఇంతకంటె సాక్ష్య మేమి కావలెను?

ఎవరి పని యేది?

చర్చకు మొదటి మెట్టు, ఏ పని ఎవరిదో తెలిసికొనుట. ఇది తెలియనివాడు పంచాయతీ ఎన్నికలో రైలుమార్గము కావలెననియు, పార్లమెంటు ఎన్నికలో వీధిదీపము కావలెననియు అడుగును. అభ్యర్థియు రెంటికిని తల యూపి వెళ్లును. మన కోనసీమయందలి సంగతులనే తీసికొందము. వీధిదీపము, త్రాగునీటి కొళాయి, చెత్త తీయుట, వీధి మురుగు గ్రామమునందు పంచాయతీ పనులు; అమలాపురమువంటి పట్టణమునందు పురపాలకసంఘపు పనులు. ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు పంటకాలువలును, పొలములనుండి నీటిని సముద్రమునకు పంపు పెద్ద మురుగుకాలువలును రాష్ట్రప్రభుత్వపు జలవనరుల శాఖవారివి. ధాన్యమునకును ఎండుకొబ్బరికిని కనీస మద్దతు ధర ప్రకటించునది కేంద్రప్రభుత్వము. కోటిపల్లినుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు వేయదలచిన రైలుమార్గము కేంద్రప్రభుత్వపు అధికారములోనిది. విద్య 1976లో జరిగిన 42వ సవరణనుండి కేంద్ర రాష్ట్రముల రెంటికిని సంబంధించిన విషయము.

ఇంటిలో పలకమీదనో, పాత క్యాలెండరు వెనుకవైపుననో మూడు గడులు గీసి, వారమునకొకసారి ఇంటివారికి కలిగిన యిబ్బందిని తగిన గడిలో పిల్లలచేత వ్రాయింపుడు. వంతెనమీద గుంట పడినది. అంబాజీపేట బజారులో కాయ ధర తగ్గినది. దాళ్వాకు నీరు ఆలస్యమైనది. ఈ యిబ్బంది ఎవరి గడిలోనిదని యడిగిన చాలును, పిల్లలు తర్కింపసాగుదురు. కొన్ని రెండు గడులలో పడును. అదియు మంచి పాఠమే. ఒకరిమీద నొకరు నెట్టివేయు పనులు ఎక్కువగా అట్టివే గనుక.

ఇంటి చర్చ నడుపు విధము

మేము తల్లిదండ్రులకు సిఫారసు చేయు నియమములు ఏడు.

1. రాత్రి భోజనమైన పిదప, కుటుంబప్రార్థనకు ముందు అరగంట చాలును. వారమున కొక దినము, ఒకే విషయము.

2. అందరికంటె చిన్నవారు మొదట మాటలాడవలెను. తండ్రి మొదట మాటలాడినయెడల తక్కినవారు ఆయన మాటనే తిప్పి చెప్పుదురు, లేక నోరు మూసికొందురు. తాతగారు, మామ్మగారు చివర పలుకుటవలన వారి గౌరవమునకు లోపము రాదు; వారి యనుభవము చివర వచ్చుటచేత మరింత నిలుచును.

3. సంగతి వేరు, అభిప్రాయము వేరు. 'మన యూరి బడిలో ముగ్గురు ఉపాధ్యాయులున్నారు' అనునది సంగతి, చూచి లెక్కించవచ్చును. 'ముగ్గురు చాలరు' అనునది అభిప్రాయము. దానికి కారణము చెప్పవలెను. పిల్లవాడు ఏ మాట యన్నను, ఇది సంగతియా, అభిప్రాయమా యని యడుగుట అలవాటు చేయుడు.

4. ఎదుటివాని వాదమును వాడు ఒప్పుకొనునట్లుగా తిరిగి చెప్పినతరువాతనే దానికి ప్రత్యుత్తరము చెప్పవలెను. సగము జగడములు ఎదుటివాడు అనని మాటకు జవాబు చెప్పుటవలన పుట్టుచున్నవి.

5. మరుసటి వారము పక్షములు మార్చుకొనవలెను. ఒక వాదమునే పట్టుకొన్నవాడు వకీలగును. రెండును చేసి చూచినవాడు న్యాయాధిపతి కాగలడు.

6. నీవు ఎవరికి ఓటు వేసితివని ఎవరును ఎవరిని అడుగరాదు. భర్త భార్యనుకూడ అడుగరాదు. ఓటు రహస్యమని చట్టము చెప్పుచున్నది. అభ్యర్థులను పోల్చుట, కారణములు చెప్పుట అందరి పని. మీట నొక్కుట ఒక్కరి పని. 'మన యింటి ఓట్లు నాలుగు' అని యజమానుడు లెక్క చెప్పు అలవాటు పోవలెను. ఇంటిలో నాలుగు ఓట్లు లేవు, నలుగురు ఓటర్లున్నారు.

7. తెలియనిదానిని తెలియదని పెద్దలు ఒప్పుకొనవలెను. 'అది నాకు తెలియదు, రేపు పంచాయతీ కార్యాలయములో కనుగొందము' అని తండ్రి యనుట వినిన బిడ్డ, ఆ ఒక్కమాటవలన పది పాఠములు నేర్చుకొనును.

ఒక మాదిరి: 2011 నాటి పంట విరామము

విషయము చూపక నియమములు చెప్పుట నిష్ఫలము గనుక మన సీమయందే జరిగిన యొక సంగతిని తీసికొందము. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేలకొలది యకరములు నాటక బీడు పెట్టి, దానికి పంట విరామమని పేరు పెట్టిరి. దేశమంతయు ఆశ్చర్యపడెను. కాలువనీరున్న భూమిలో, అన్నము పండించు జిల్లాలో, రైతులు తమంత తాము నాగలి విడిచిరి. రాష్ట్రప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన సంఘమును నియమించి కారణములు విచారింపజేసెను. ఆ సంవత్సరము సాధారణరకపు ధాన్యమునకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర క్వింటాలునకు 1,080 రూపాయలు. అది ఖర్చులకే చాలదనియు, కూలీలు దొరకరనియు, మురుగుకాలువలు పూడి పంట మునుగుచున్నదనియు రైతులు చెప్పిరి.

ఇప్పుడు ఇంటనున్న పిల్లలకు వేషములు పంచుడు. ఒకరు భూస్వామి, ఒకరు కౌలుదారు, ఒకరు నాట్లు వేయు కూలి, ఒకరు పట్టణములో బియ్యము కొని తినువారు. భూస్వామి వేషము వేసిన బాలుడు ధర చాలదనును. కౌలుదారు వేషము వేసిన బాలిక, 'ధర పెరిగినను లాభము మీకే. పంట మునిగినను కౌలు నేనే చెల్లింపవలెను' అనును. కూలి వేషమువాడు, 'మీరు విరామ మనుచున్నారు. మా పొయ్యికి విరామ ముండునా?' యని యడుగును. కొని తినువాడు, ధర పెరిగిన తన పిల్లల గతి యేమని యడుగును. నలుగురి మాటయు న్యాయముగనే యుండుట పిల్లలు గ్రహింతురు. రాజకీయ మనగా మంచివారికిని చెడ్డవారికిని జరుగు యుద్ధము కాదు. అనేకుల న్యాయములను ఒక యేర్పాటులో ఇముడ్చు కష్టమైన పని యని వారికి తెలియును. పిమ్మట మూడు గడుల పలకను ముందుపెట్టి, ధర ఎవరి గడిలోనిది, మురుగు ఎవరి గడిలోనిది యని యడుగుడు. కౌలుదారులకు ఋణార్హతపత్రము లిచ్చు చట్టము ఆ 2011లోనే రాష్ట్రములో వచ్చినదని చెప్పి, అట్టి పత్రము మన యూర ఎందరికున్నదో విచారింపుమని పంపుడు. ఎన్నికలు వచ్చినప్పుడు ఆ పిల్లలు అభ్యర్థిని అడుగు ప్రశ్నలు వేరుగా నుండును.

ఒక్క ఓటు

'నా యొక్క ఓటువలన ఏమగును?' అను నిరాశకు మన సీమవారు చెప్పదగిన జవాబొకటి కలదు. అమలాపురము నియోజకవర్గమునుండి లోకసభకు వెళ్లిన గంటి మోహనచంద్ర బాలయోగిగారు యెదుర్లంక గ్రామమువారు. దళితులలోనుండి లోకసభ స్పీకరు పీఠ మెక్కిన మొదటివారు. యానాము యెదుర్లంకల నడుమ గోదావరిమీది వారధి ఆయన పేరనే యున్నది. 1998లో ఆయన స్పీకరయ్యెను. 2002 మార్చి 3న కైకలూరు సమీపమున హెలికాప్టరు ప్రమాదములో మరణించెను. ఆయన పీఠమునందుండగా, 1999 ఏప్రిల్ 17న వాజపేయిగారి ప్రభుత్వము విశ్వాసపరీక్షకు నిలిచెను. అనుకూలముగా 269, ప్రతికూలముగా 270. ఒక్క ఓటుతో కేంద్రప్రభుత్వము పడిపోయెను.

ఇందులో పిల్లలకు తగిన చర్చయొకటి కలదు. ఆ దినమున ఓటువేసినవారిలో గిరిధర్ గమాంగుగారుండిరి. ఆయన అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రియై యుండెను గాని లోకసభ సభ్యత్వమును ఇంకను విడువలేదు. శాసనసభ్యుడు కానివాడు ఆరునెలలవరకు మంత్రిగా నుండవచ్చునని రాజ్యాంగము చెప్పుచున్నది. ఆయన ఓటు వేయవచ్చునా యని వివాదము రాగా, స్పీకరు దానిని ఆయన మనస్సాక్షికి విడిచిపెట్టెను. ఓటువేయుట న్యాయమా? మానియుండవలసినదా? ఆయన మానియుండినచో ఓట్లు సమానమై, నిర్ణయము స్పీకరు ఓటుమీదనే పడియుండెడిది. స్పీకరు చేసినది సరియేనా? చట్టము అనుమతించునదంతయు మనస్సాక్షి అనుమతించునా? ఈ ప్రశ్నలు పదునాలుగేండ్ల పిల్లలను గంటసేపు కదలనీయవు.

నోటు, కులము, వదంతి

మూడు విషయములను తల్లిదండ్రులు దాచరాదు. దాచినను పిల్లలు చూచుచునే యున్నారు.

మొదటిది నోటు. ఎన్నికల రాత్రి ఇంటికి వచ్చు కవరు పిల్లల కంటబడును. 'ఇది యేమిటి నాన్నగారూ?' అని యడిగిన, ఊరకుండుమని గద్దించుటకంటె లెక్క చేయించుట మేలు. ఓటునకు వేయి రూపాయలనుకొందము. పదవీకాలము అయిదేండ్లు, అనగా ఇంచుమించు 1,826 దినములు. దినమునకు సుమారు 55 పైసలు. దాని కొక చాక్లెట్టుకూడ రాదు. ఆ వెలకు మనము అడుగు హక్కును అమ్ముకొంటిమి. లంచము పుచ్చుకొనుటయు ఇచ్చుటతో సమానమైన నేరమని 1920నుండి శిక్షాస్మృతిలో నుండెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఉన్నది. యిత్రో తన అల్లుడైన మోషేకు చెప్పిన ఆలోచనలో, నాయకులుగా నియమింపదగినవారి గుణములలో లంచమును అసహ్యించుట యొకటియై యుండుట మన పిల్లలు ఆదివారపు బడిలో విన్నదే.

రెండవది కులము. 'వాడు మనవాడు' అను మాట ఇంటిలో పుట్టినదే. సంఘములోను, ప్రభురాత్రి భోజనపు బల్లయొద్దను అందరము ఒక్కటే యని చెప్పుకొని, ఎన్నికలనాడు మరల గుంపులుగా విడిపోవుట మనకు సిగ్గు. చర్చలో ఎవరైనను 'మనవాడు' అనిన, 'మనవాడైనందున మన యూరికి ఏమి చేసెను?' అని పిల్లలు అడుగునట్లు నేర్పుడు. ఆ ప్రశ్న అన్ని కులములవారికిని ఒకేవిధముగా వర్తించును.

మూడవది వదంతి. సెల్‌ఫోనులో వచ్చిన సమాచారమును మరియొకరికి పంపకమునుపు మూడు మాట లడుగవలెను: మొదట చెప్పినవాడెవడు? ఎప్పుడు చెప్పెను? మరియొకచోట ఎక్కడైన ఉన్నదా? ఈ చిన్న జాగ్రత్త లేనందున కలుగు కీడు మన సీమవారికి చెప్పనక్కరలేదు. 2022లో ఏర్పడిన కోనసీమ జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కరుగారి పేరు చేర్చు విషయమున అభిప్రాయభేదము కలిగి, ఆ సంవత్సరము మే 24న అమలాపురములో అల్లర్లు చెలరేగెను. ఒక మంత్రిగారి ఇల్లును, ఒక శాసనసభ్యుని ఇల్లును దగ్ధమాయెను. కొన్ని దినములు అంతర్జాల సౌకర్యము నిలిపివేయబడెను. పలువురు యువకులు నిర్బంధింపబడిరి. వారు ఏ పాఠశాలలోనో పౌరశాస్త్రము చదివి ఉత్తీర్ణులైనవారే. ఒక పేరు వలెననుటకు, వలదనుటకు ప్రజాస్వామ్యమునందు మార్గములున్నవి: అర్జీ యున్నది, సభ యున్నది, న్యాయస్థానమున్నది, ఓటున్నది. నిప్పుపుల్ల మాత్రము మార్గము కాదు. ఏ పెద్దమనిషి పేరునుగూర్చి జగడము వచ్చెనో ఆయన 1919లోనే సౌత్‌బరో సంఘమునెదుట నిలిచి, ఓటు లేనివారికి ఓటు కావలెనని వాదించి, పిమ్మట రాజ్యాంగరచనాసంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన ఆయుధము వాదము. ఇంటిలో విరోధపు మాటను ఓర్పుతో వినుట నేర్వని బిడ్డ వీధిలో దానిని ఓర్వగలడని మనము ఆశింపలేము. మేము ఈ వ్యాసమును వ్రాయుటకు ముఖ్యకారణము ఇదియే.

బిడ్డలవలన పెద్దలకు కలుగు మేలు

'మేమే చదువుకొనలేదు, పిల్లలతో ఏమి చర్చింతుము?' అని కొందరు తల్లిదండ్రు లనుకొందురు. వారికి ధైర్యము కలిగించు సంగతి యొకటి. 1988లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున 'కిడ్స్ ఓటింగ్' అను కార్యక్రమము ఆరంభమాయెను. పిల్లలు బడిలో ఎన్నికల సంగతులు నేర్చుకొని, ఇంట చర్చించి, ఎన్నికలనాడు తల్లిదండ్రులతో వెళ్లి నమూనా ఓటు వేయుదురు. మెక్‌డెవిట్, చాఫీ అను ఆచార్యులు కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణమున దీనిని పరిశీలించి 2000లో ప్రకటించిన దేమనగా, పిల్లలు ఇంట ప్రశ్నలు వేయుటవలన తల్లిదండ్రులే వార్తలు చదువుటకును, ఆలోచించుటకును మొదలుపెట్టిరి. చదువును కలిమియు తక్కువైన ఇండ్లలో ఈ మార్పు మరింత కనబడెను. దీపము మేడమీదనుండియే దిగవలెనను నియమము లేదు. బిడ్డ చేతినుండి తల్లికిని రావచ్చును.

ఆడపిల్లలు వాదించుట తగదనువారికి సంఖ్యాకాండమునందలి సెలోపెహాదు కుమార్తెలను జ్ఞాపకము చేయుచున్నాము. అన్నదమ్ములు లేని ఆ అయిదుగురు, మోషే యెదుటను యాజకుని యెదుటను సర్వసమాజము నెదుటను నిలిచి, తండ్రి స్వాస్థ్యము తమకు కావలెనని కారణము చూపి యడిగిరి. మోషే వారిని గద్దింపక ఆ సంగతిని దేవుని సన్నిధికి తెచ్చెను. వారి మాట న్యాయమని తీర్పు వచ్చెను. తరువాత వారి గోత్రపు పెద్దలు చెప్పిన అభ్యంతరముకూడ వినబడెను. ఇరుపక్షముల మాట వినుటకు ఇంతకంటె పురాతనమైన మాదిరి మనకు వలదు.

పాఠశాల చేయదగిన సహాయము

ఇంటి చర్చకు బడి తోడుపడవలెను. ఉపాధ్యాయుడు ఏ పార్టీకిని పక్షము వహింపరాదు. విషయమును, సంగతులను మాత్రము ఇంటికి పంపవలెను. తరగతి నాయకుని ఎన్నికను నిజమైన ఎన్నికవలె జరుపవచ్చును: జాబితా, నామపత్రము, ప్రచారమునకు గడువు, రహస్యపు ఓటు, అందరియెదుట లెక్కింపు, ఓడినవాడు గెలిచినవానికి చేయి నిచ్చుట. చివరిది అన్నిటికంటె ముఖ్యము. జనవరి 25న జాతీయ ఓటర్ల దినము. 1950లో ఆ దినమున ఎన్నికల సంఘము ఏర్పడినందున 2011నుండి ఆచరింపబడుచున్నది. ఆ దినమున పై తరగతులవారికి, 17 ఏండ్లు నిండినవారు ముందుగనే ఓటరు నమోదునకు దరఖాస్తు చేయవచ్చునని తెలుపవలెను.

విద్యార్థులారా, మీ పెద్దలను ప్రశ్నింపుడు, గౌరవముతో ప్రశ్నింపుడు, ప్రత్యుత్తరమును పూర్తిగా వినుడు. తల్లిదండ్రులారా, బిడ్డ మీ మాటను కాదనినప్పుడు కోపింపక, ఎందుచేత ననుచున్నావని యడుగుడు. నేడు మీ యింట కారణము చెప్పుట నేర్చుకొనిన బిడ్డ రేపు ఈ దేశమునకు కారణము చెప్పగలడు, కారణము అడుగగలడు. మన గోదావరి పాయల నడుమ నున్న ప్రతి యింటను అట్టి బిడ్డలు పెరుగుదురు గాక.